తెలిసిన నంబర్ నుంచే వచ్చిందిగా! వాట్సాప్ వైరస్‌లు: అపోహలు - వాస్తవాలు

"మా బావమరిది నంబర్ నుంచే వచ్చిందండీ, అందుకే నొక్కాను." ఖాతా ఖాళీ అయ్యాక చాలామంది చెప్పే మాట ఇది. వాళ్లను తిట్టి లాభం లేదు. మోసగాడి పెట్టుబడే ఆ నమ్మకం.

అపోహ: తెలిసినవాళ్లు పంపిన ఫైల్‌తో భయం లేదు.

వాస్తవం: ఎక్కువమంది మునిగేది ఇక్కడే. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ అంటూ వచ్చే ఫైల్ పేరు చివర చూడండి. మధ్యలో పీడీఎఫ్ అని ఉన్నా, చివర ఏపీకే (.apk) అని ఉంటే అది ఆండ్రాయిడ్ యాప్. అసలు శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వీడియోగానో వస్తుంది, ఇన్‌స్టాల్ చెయ్యమనదు.

ఫైల్ నొక్కినంత మాత్రాన కొంప మునగదు. బయటి యాప్‌ను అనుమతించాలా అని ఫోన్ అడుగుతుంది. అక్కడ ఆగితే బతికిపోయినట్టే. ఒప్పుకుని, ఆ పైన ఎస్సెమ్మెస్ పర్మిషన్ కూడా ఇస్తే మీ ఓటీపీలు దొంగకు చేరతాయి. చాలాసార్లు ఐకాన్ కూడా కనపడదు. వాట్సాప్ ఆరంకెల కోడ్ వచ్చేదీ ఎస్సెమ్మెస్‌లోనే కదా, దాంతో మీ ఖాతాను తన ఫోన్లో తెరిచి మీ గ్రూపులన్నిటికీ అదే ఫైల్ పంపుతాడు. బావమరిది నంబర్ నుంచి వచ్చింది ఇలాగే. వాట్సాప్ అకౌంట్ సెట్టింగ్స్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకుంటే ఈ దారి మూసుకుంటుంది.

అపోహ: చాట్‌లో ఫైల్ డిలీట్ చేస్తే చాలు.

వాస్తవం: చాలదు, యాప్ లోపలే ఉంటుంది. ముందు మొబైల్ డేటా, వైఫై ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ, నెట్‌బ్యాంకింగ్ ఆపించండి. తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పరువు పోతుందని ఆలస్యం చేయకండి: 2017 నాటి ఆర్‌బీఐ నిబంధనల్లో, పొరపాటు మీదే అయినా, బ్యాంకుకు తెలిపాక పోయిన సొమ్ము భారం బ్యాంకుదే.

ఆ తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాల్లో ఆ యాప్‌ను ఆఫ్ చేయండి. అవి ఆన్‌లో ఉంటే అన్‌ఇన్‌స్టాల్ కాకుండా అడ్డుపడుతుంది. కాల్స్ దారి మళ్లించి ఉంటే ##002# డయల్ చేస్తే ఆ మళ్లింపు రద్దవుతుంది. ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడం మంచిది. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్లో మార్చండి.

అపోహ: వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందిగా, వైరస్ రాదు!

వాస్తవం: అది మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది. వైరస్ ఫైల్‌ను కూడా అంతే భద్రంగా మీకు చేరుస్తుంది.

అపోహ: "మార్టినెల్లి" వీడియో తెరిస్తే ఫోన్ హ్యాక్.

వాస్తవం: ఏళ్లుగా తిరుగుతున్న పుకారు. దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

అపోహ: మిస్డ్ కాల్ వచ్చినా ఫోన్ హ్యాక్ అవుతుంది.

వాస్తవం: 2019లో పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ వాట్సాప్ కాల్ లోపంతో అలాగే చొరబడింది, కానీ గురిపెట్టింది పాత్రికేయులు, హక్కుల కార్యకర్తలు వంటి సుమారు 1,400 మందిని. ఆ లోపాన్ని అప్పుడే అప్‌డేట్‌తో సరిచేశారు. ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.