“ఒకటో తరగతేగా!” అనేవాళ్ల కోసం: కొన్ని అపోహలు, వాస్తవాలు

మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు చెప్పే ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని) నేను. తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా నా ముందుకొచ్చే ప్రశ్నలు దాదాపు అవే. నోట్‌బుక్ తిరగేసి, ఎన్ని పేజీలు నిండాయో చూసి పిల్లల చదువును అంచనా కట్టడం మనకు అలవాటు. ఈ వయసులో నేర్చుకునే దాంట్లో చాలా భాగం నోట్‌బుక్‌లోకి ఎక్కదు. చిక్కంతా అక్కడే.

అపోహ: ముందు వర్ణమాల మొత్తం, ఆ తర్వాత గుణింతాలు, ఒత్తులు. పదాల సంగతి చివర్లో.

మనమంతా అలాగే నేర్చుకున్నాం కాబట్టి వేరే దారి ఉందంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఐదారేళ్ల పిల్లకు మొదటి నెలలోనే ‘ఙ’, ‘ఞ’లతో ఏం పని? ఆ అక్షరాలున్న మాట తన నోట ఒక్కటీ రాదు. త, ల, వ, ప, క... ఈ ఐదూ వస్తే చాలు, తల, వల, కల, పలక చదివేయొచ్చు. చదివితే అర్థమైందన్న రుచి ఒకసారి తగిలాక, మిగతా అక్షరాల కోసం పిల్లలే మన వెంట పడతారు. గుణింతాలు అవసరమైనప్పుడల్లా ఒక్కొక్కటిగా వస్తాయి.

ఇక తికమకలు. ప, వ ఒక జత. మ, య ఇంకో జత. అన్నిటికంటే మొండిది ‘మ’, ‘వు’. చేతిరాతలో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఆవు బొమ్మ కింద ఉన్న పేరును బొమ్మ మూసేసి చదవమంటే ‘ఆమ’ అంటారు. ఇంట్లో దీన్ని చూసి “ధ్యాస లేదు” అని కసురుతారు. నిజానికి ఆ పిల్ల చాలా ధ్యాసగానే చూసింది, తేడా అంత సన్నంగా ఉంది మరి. అందుకే ఆ రెంటినీ ఒకేసారి నేర్పను. ‘మ’ బాగా కుదురుకున్నాకే ‘వు’ తీసుకొస్తాను. అప్పుడు రెండూ పక్కపక్కన పెద్దగా రాసి, కొమ్ము ఎక్కడ తగులుకుంటుందో వేలితో దిద్దిస్తాను.

అపోహ: పాఠం గడగడా చదివేస్తున్నాడు, ఇక చదవడం వచ్చేసినట్టే.

వాడి వేలు ఎక్కడుందో చూడండి. నోరు మూడో లైనులో ఉంటుంది, వేలు ఇంకా మొదటి లైనులోనే ఉంటుంది. అంటే పాఠం కంఠతా వచ్చింది. అదీ ఒక మెట్టే, తిట్టాల్సిన పనేం లేదు. అయితే చదవడం వచ్చిందో లేదో తేలాలంటే అదే పాఠాన్ని కింది వాక్యం నుంచి పైకి చదివించండి. లేదా అవే మాటలతో కొత్త వాక్యం ఒకటి పలక మీద రాసివ్వండి.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా రావాలని కేంద్రం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాలు కూడా ఇదే అడుగుతాయి. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి అంతకుముందు చూడని పాఠంలో నాలుగైదు తేలిక పదాల వాక్యాలు చదవాలి. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, అదీ అర్థం చేసుకుంటూ. ‘అంతకుముందు చూడని’ అన్న ముక్కను మనవాళ్లు వదిలేసి, నిమిషానికి ఎన్ని పదాలన్న దాని మీదే టెన్షన్ పడుతుంటారు.

అపోహ: వంద వరకు చెబుతుంది, రెండో ఎక్కం వచ్చు. లెక్కల్లో ఢోకా లేదు.

ఏడు చింతగింజలు ముందు పెట్టి లెక్కపెట్టమనండి. కొందరికి వేలు ఒక గింజ మీద ఉండగానే నోరు రెండంకెలు దాటేస్తుంది. సరిగ్గా ఏడని చెప్పిన పిల్ల ముందే ఆ గింజల్ని కాస్త దూరం దూరంగా జరిపి “ఇప్పుడెన్ని?” అంటే మళ్లీ మొదట్నుంచి లెక్కపెడుతుంది. “ఎక్కువయ్యాయి” అనేవాళ్లూ ఉంటారు. జరిపినంత మాత్రాన గింజలు పెరగవన్న సంగతి మనకు ఎవరూ నేర్పినట్టు గుర్తుండదు కానీ, అదీ నేర్చుకోవాల్సిందే.

రెండో తరగతిలో అసలు గండం స్థానవిలువ. నూట ఐదు రాయమంటే 1005 రాస్తారు. విన్నది విన్నట్టు రాశారు: నూరుకు 100, పక్కన 5. దానికి ఇంటూ కొట్టి పదిసార్లు రాయిస్తే, రాసిన పదిసార్లూ సరిగ్గానే ఉంటుంది, మర్నాడు నూట ఏడు అడిగితే 1007 వస్తుంది. నేను చీపురు పుల్లలు తెస్తాను. పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేస్తే ఒక కట్ట, అలాంటి కట్టలు పది కలిపితే ఒక పెద్ద కట్ట. నూట ఐదంటే పెద్ద కట్ట ఒకటి, చిన్న కట్టలు లేవు, విడి పుల్లలు ఐదు. ‘లేవు’ అన్నచోట ఏం రాయాలో వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. చివరికి ఎవరో ఒకరు “సున్నా పెడదాం” అంటారు. దీనికి వారం పట్టొచ్చు. ఆ వారం నోట్‌బుక్‌లో ఒక్క పేజీ కూడా నిండదు. “ఈ వారం ఏం చెప్పలేదా మేడం?” అనే ప్రశ్న వచ్చేదీ అప్పుడే.

అపోహ: ఆటలు, కథలు టైమ్‌పాస్‌కి.

వామనగుంటల్లో ఒక్కో గుంటకు ఒక్కో గింజ వదులుతూ వెళ్లడం, పైన చెప్పిన వేలు-నోరు సమస్యకు నాకు తెలిసిన మంచి మందు. వంతు వచ్చేదాకా ఆగడం కూడా అక్కడే వస్తుంది. కథ మధ్యలో ఆపి “తర్వాత ఏమవుతుంది?” అని అడిగితే వచ్చే జవాబుల్లో ఎవరికి ఎంత అర్థమైందో తెలిసిపోతుంది.

అపోహ: మూడేళ్లకే రాయించడం మొదలుపెడితే ముందుంటారు.

వసంత పంచమికి అక్షరాభ్యాసం చేయించండి, సంతోషం. మర్నాడే నాలుగు గీతల కాపీ మాత్రం కొనకండి. పెన్సిల్ పట్టే బలం వేళ్లకు రావాలి. అది మట్టి పిసకడంలో, పూసలు గుచ్చడంలో, బఠాణీలు ఒలవడంలో వస్తుంది. జాతీయ విద్యా విధానం 2020 కూడా 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే పునాది దశగా చూసింది: అంగన్‌వాడీ లేదా ప్రీస్కూల్ మూడేళ్లు, ఆపైన ఒకటి, రెండు తరగతులు.

అపోహ: ఎడమచేతి రాత మాన్పించాలి.

అక్కర్లేదు. కూర్చోబెట్టేటప్పుడు మోచేతులు తగలకుండా బెంచీకి ఎడమ చివర చోటిస్తే చాలు.

అపోహ: అంకెలు తిరగేసి రాస్తే ఏదో లోపం ఉన్నట్టే.

3నో 7నో అద్దంలో చూసినట్టు రాయడం ఈ వయసులో చాలామంది చేసేదే. రెండో తరగతి దాటాక కూడా అలాగే ఉండి, చదవడమూ కష్టంగా ఉంటే అప్పుడు నిపుణులకు చూపించాలి.

అపోహ: హోంవర్క్ ఇవ్వలేదంటే చదువు చెప్పట్లేదు.

కేంద్రం తెచ్చిన 2020 స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి వరకు హోంవర్కే వద్దంది. ఒకటి, రెండు తరగతుల బ్యాగు బరువు 1.6 నుంచి 2.2 కిలోల మధ్యే ఉండాలని కూడా అంది. రాత్రి భోజనానికి ఎన్ని కంచాలు పెట్టాలో లెక్క చూడమనండి, నాయనమ్మకు ఒక కథ చెప్పమనండి. నాకు కావాల్సిన హోంవర్క్ అదే.

అపోహ: ఇంగ్లిష్ మీడియం కదా, ఇంట్లో తెలుగు తగ్గించాలి.

ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. ఇంట్లో వచ్చీరాని ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు మాట్లాడితే పిల్లలకు ఆ నాలుగు ముక్కలే అందుతాయి. తెలుగులో అయితే ఎందుకు, ఎలా, ఒకవేళ అన్నీ అందుతాయి. లెక్కల్లో అయితే తేడా కళ్లకు కనిపిస్తుంది. ‘ఫోర్టీన్’ అంటే ముందు ఫోర్ వినిపించి 41 రాసే పిల్లలున్నారు. పద్నాలుగులో పది ముందే పలుకుతుంది కాబట్టి 1 ముందు పడుతుంది. తెలుగు రాష్ట్రాలు రెంటిలోనూ ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు ఇస్తున్నారు. ఇంట్లో కూర్చోబెట్టి లెక్క వివరించేటప్పుడు తెలుగు పేజీ తెరవండి. ఇంగ్లిష్ పేజీ నేను బడిలో చూసుకుంటాను.