నౌపడ ఉప్పుగాలి, కాలిఫోర్నియా పొగ: చెక్ ఇంజిన్ లైటు వెనక కథ

మే నెలలో మా బావ కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. బావది శ్రీకాకుళం జిల్లా తీరంలోని నౌపడ. ఇంటి నుంచి నాలుగడుగులు వేస్తే ఉప్పు మడులే. మైలేజీ పడిపోయింది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన. సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే స్కానర్ పెట్టారు, పీ0128 అని కోడ్ వచ్చింది. ఇంజిన్ ఎంత తిరిగినా కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, చేరాల్సినంత వేడికి చేరడం లేదని దాని అర్థం. ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మార్చారు. వారం తిరక్కుండానే లైటు మళ్లీ వచ్చింది. ఈసారి కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ మార్చారు. పది రోజులకు అదే లైటు, అదే కోడ్. రెండు బిల్లులు కట్టాడు, రెండు సామాన్లూ కొత్తవే, జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇలాంటి మాటే టెక్కలిలో విన్నాను, బొబ్బిలిలో విన్నాను, విజయనగరంలో మా స్నేహితుడి ఇంట్లోనూ విన్నాను. చేసేవాళ్లకి పని రాదని అనేయడం తేలిక. కానీ ఈ చిక్కు వెనక ఎనభై ఏళ్ల కథ ఉంది. అది తెలిస్తే తప్పు ఎక్కడ జరుగుతోందో అర్థమవుతుంది.

అంబాసిడర్, పద్మిని తిరిగిన కాలంలో ఇంజిన్‌కి కరెంటుతో ఉన్న పెద్ద పని ఒక్కటే, సమయానికి ప్లగ్గులో స్పార్కు పడటం. బ్యాటరీ, కాయిల్, డిస్ట్రిబ్యూటర్, అందులో కరెంటుని తెంచి కలిపే పాయింట్లు, కండెన్సర్. బండి మిస్సింగ్ కొడుతోందంటే మేస్త్రి ప్లగ్గు విప్పి, దాన్ని ఇంజిన్‌కి ఆనించి, పిల్లాణ్ణి సెల్ఫ్ కొట్టమనేవాడు. స్పార్కు నీలంగా టపటపా పడితే సరే. ఎర్రగా, నీరసంగా ఉంటే కండెన్సరో కాయిలో పోయినట్టు. పాయింట్లు కాలితే ఎమరీ పేపరుతో రుద్ది గ్యాపు సరిచేసేవాడు. చేతిలో ఉండేది 12 వోల్టుల బల్బుకి రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపు. అది వెలిగితే కరెంటు ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూడటం ఇంకో పరీక్ష. ఇంజిన్ ఆగిపోతే కరెంటు పుట్టించే డైనమో పనిచేయడం లేదని లెక్క.

ఆ విద్యలో లోపం కంటికి కనిపించేది, చెవికి వినిపించేది. పోయిన సామాను తీసి కొత్తది వేస్తే పని అయిపోయేది. సామాను మార్చడమే రిపేరు అన్న అలవాటు అక్కడ పుట్టింది. ఆ రోజులకి అది సరైన అలవాటే.

ఈ కథలో ఇంకో పాయ కాలిఫోర్నియాలో మొదలైంది. 1943 వేసవిలో లాస్ ఏంజిలెస్ నగరాన్ని కళ్లు మండించే పొగ కమ్మింది. కార్లు వదిలే పొగ ఎండకి మారిపోయి ఆ మంట పుట్టిస్తోందని 1950ల మొదట్లో ఆరీ హాగెన్-స్మిత్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. అప్పటి నుంచి కార్ల పొగ మీద చట్టాలు బిగుసుకుంటూ వచ్చాయి. 1975 మోడల్ కార్లతో అమెరికాలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వాడకం మొదలైంది. ఆ తర్వాత వచ్చిన రకం, మూడు రకాల విషవాయువులనూ ఒకేసారి శుభ్రం చేసేది, పనిచేయాలంటే ఒక షరతు ఉంది. పెట్రోలు ఒక పాలైతే గాలి బరువులో 14.7 పాళ్లు ఉండాలి, అటూ ఇటూ పోకూడదు. ఎండైనా చలైనా, ఘాట్ ఎక్కుతున్నా దిగుతున్నా అంత కచ్చితంగా కలపడం మామూలు కార్బురేటర్ వల్ల అయ్యే పని కాదు. అందుకే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసి చెప్పే సెన్సర్ 1976లో వోల్వో కారులోకి వచ్చింది. దాని మాట విని పెట్రోలు కొలిచే కంప్యూటరు ఇంజిన్‌కి తోడైంది.

అప్పుడు చట్టం చేసేవాళ్లకి ఒక అనుమానం వచ్చింది. కారు షోరూం నుంచి బయటికొచ్చినప్పుడు పొగ శుభ్రంగానే ఉంటుంది. ఐదేళ్ల తర్వాత ఒక సెన్సర్ పోతే? బండి ఎలాగోలా నడుస్తూనే ఉంటుంది, యజమానికి తెలియదు, గాలి పాడవుతూనే ఉంటుంది. అందుకని 1988 మోడల్ కార్ల నుంచి కాలిఫోర్నియా ఒక నియమం పెట్టింది. కంప్యూటరు తన సెన్సర్లను తనే గమనించుకోవాలి, తేడా వస్తే డ్రైవరు ముందు లైటు వెలిగించాలి. 1996 నాటికి అమెరికా అంతటా కొత్త కార్లన్నిటికీ ఒకే తీరు సాకెట్ వచ్చింది, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నులది. ఏ కంపెనీ బండైనా చాలా కోడ్‌లకు ఒకే అర్థం.

కాబట్టి ఆ లైటు గాలికి పెట్టిన కాపలా. మెకానిక్‌కి సాయం దాని వెంట వచ్చిన లాభం మాత్రమే. "ఫలానా చోట నాకు తేడాగా కనిపిస్తోంది" అని చెప్పడం వరకే దాని పని. ఎందుకు తేడా వచ్చిందో కనిపెట్టే బాధ్యత దానికి ఎవరూ అప్పగించలేదు.

మన దగ్గర ఈ మార్పంతా చాలా వేగంగా జరిగింది. 1998లో శాంత్రో ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్‌తోనే వచ్చింది, అంటే కంప్యూటరు కొలిచి ఒక్కో సిలిండర్‌కీ విడిగా పెట్రోలు చిమ్మే రకం. 1999 ఏప్రిల్ 29న ఢిల్లీ గాలి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో రాజధాని ప్రాంతంలో బండ్ల పొగకి పెట్టిన యూరో ప్రమాణాలు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. 2000 ఫిబ్రవరికి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. అదే సమయానికి మారుతి 800లో కూడా కార్బురేటర్ స్థానంలో ఎంపీఎఫ్‌ఐ వచ్చింది. 2010లో మన దేశపు పొగ ప్రమాణాల్లో నాలుగోదైన భారత్ స్టేజ్ నాలుగు 13 నగరాల్లో మొదలైంది, దానితోపాటే లోపాలు తనే పట్టే కంప్యూటరు నియమమూ వచ్చింది. ఆ 13లో మన శ్రీకాకుళం, విజయనగరం లేవు. దేశమంతటికీ ఆ స్టేజ్ వచ్చింది 2017 ఏప్రిల్‌లో. మూడేళ్లు తిరిగేసరికి, 2020 ఏప్రిల్ 1 నుంచి, స్టేజ్ ఆరు.

షెడ్డులో పనిచేసే మనిషి వైపు నుంచి చూడండి. పాయింట్లు రుద్దడం నేర్చుకుని మేస్త్రి అయినవాడికి, అదే జీవితకాలంలో, ఒక్క డిగ్రీ తేడాను వోల్టుల్లో చదివే బండి చేతికొచ్చింది. మధ్యలో నేర్పిన బడి లేదు. మొదట్లో ఒక్కో కంపెనీకి ఒక్కో స్కానర్, అది వాళ్ల సర్వీసు సెంటరులోనే. కొన్ని బండ్లలో డయాగ్నసిస్ సాకెట్‌లో రెండు పిన్నులు ముక్క వైరుతో కలిపితే మీటరు బోర్డులో లైటు మెరిసేది. ఒకసారి మెరిసి, కాస్త ఆగి, రెండుసార్లు మెరిస్తే 12. ఆ మెరుపులు లెక్కపెట్టి కాగితం మీద రాసుకునేవారు. ఇప్పుడు చిన్న బ్లూటూత్ ముక్క సాకెట్‌లో గుచ్చితే కోడ్ ఫోనులోనే కనిపిస్తుంది. కోడ్ చదవడం అందరికీ వచ్చేసింది. అక్కడి నుంచి లోపం దాకా వెళ్లే దారి మాత్రం ఇప్పటికీ కొద్దిమందికే తెలుసు.

మా బావ మూడోసారి సర్వీసు సెంటరుకి పోలేదు. నరసన్నపేట దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడంటే నేను కూడా వెంట వెళ్లాను. ఆయన బండి రాత్రికి అక్కడే వదిలేయమన్నాడు. మర్నాడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి స్కానర్ పెట్టాడు. కోడ్ కేసి చూడనే లేదు. లైవ్ డేటా, అంటే సెన్సర్లు ఆ క్షణాన చెబుతున్న అంకెలు, తెరిచాడు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి 30 డిగ్రీలు, కూలెంట్ 23 డిగ్రీలు.

"రాత్రంతా ఒకే షెడ్డులో ఉన్న బండి బాబూ. రెండూ ఒకేలా ఉండాలి కదా. మే నెలలో మన వైపు 23 డిగ్రీల నీళ్లు ఎక్కడివి?" అన్నాడు.

తర్వాత ఇంజిన్ అరగంట తిప్పాడు. రేడియేటర్ పైపు చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. స్కానర్ మీద 54.

సంగతేమిటంటే, కంప్యూటరుకి వేడి తెలియదు, వోల్టులే తెలుసు. అది సెన్సర్‌కి 5 వోల్టులు పంపుతుంది. సెన్సర్‌లో ఉండే చిన్న ముక్కకి చల్లగా ఉంటే నిరోధం ఎక్కువ, వేడెక్కితే తక్కువ. అది మామూలుగా 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేల ఓములు ఉంటే, 90 డిగ్రీల దగ్గర రెండు మూడు వందలకి పడిపోతుంది. దాన్నిబట్టి వోల్టేజీ మారుతుంది, కంప్యూటరు దాన్ని డిగ్రీలుగా లెక్కకడుతుంది. ఆ దారిలో ఎక్కడైనా, వైర్లని కలిపే కప్లర్‌లో గానీ వైరులో గానీ బండి బాడీకి కలిపే ఎర్త్‌లో గానీ, అదనంగా 500 ఓములు వచ్చి చేరాయనుకోండి. చల్లగా ఉన్నప్పుడు వేలల్లో 500 పెద్దగా తెలియదు, ఏడెనిమిది డిగ్రీల తేడా అంతే. వేడెక్కాక 250 ఉండాల్సిన చోట 750 అవుతుంది, 90 డిగ్రీలు కాస్తా 54గా కనిపిస్తాయి. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పోయింది అందుకే, వాసన అందుకే. చాలా బండ్లలో రేడియేటర్ ఫ్యాను వేసేది కూడా ఈ లెక్క చూసే, కాబట్టి ట్రాఫిక్‌లో నిజంగానే ఇంజిన్ మరిగిపోయే ప్రమాదం ఉంది.

ఆయన కప్లర్ ఊడదీసి టార్చి వేసి చూపించాడు. వైరు వైపు పిన్ను మీద పచ్చగా చిలుము. కొత్త సెన్సర్‌ని తీసుకొచ్చి అదే చిలుము పట్టిన పిన్నుకి తగిలించారన్నమాట. కంప్యూటరు వైపు నుంచి కప్లర్ దాకా మల్టీమీటరు పెడితే దాదాపు సున్నా రావాల్సిన చోట 500 దగ్గర చూపించింది. కప్లర్ కత్తిరించి, కొత్తది సోల్డర్ చేసి, పైన స్లీవు వేసి వేడిచేసి బిగించాడు.

ఉప్పుగాలి మన తీరానికి పుట్టుకతో వచ్చింది. నౌపడ, భావనపాడు, కళింగపట్నం వైపు ఇంటి గేటు బోల్టులే రెండేళ్లకి పొట్టు లేస్తాయి. కారులో ఇత్తడి, రాగి పిన్నులు, ఎర్త్ బోల్టులు అదే గాలి పీలుస్తాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఆ వెంటే వంశధార పొంగినప్పుడు, ఎన్నో బండ్లు నీళ్లలో నానాయి. నీళ్లు ఆరిపోయినా కప్లర్ లోపలికి చేరిన తడి ఆరదు, లోపం నెలల తర్వాత తలెత్తుతుంది. కోతల కాలంలో వైర్లు కొరికే ఎలుకల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

వీటిలో చాలావరకు పట్టడానికి ఖరీదైన స్కానర్ అక్కర్లేదు. మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ సరిగా లేనట్టే. ఎర్త్ సరిగా లేకపోతే ఒకటి కాదు, సంబంధం లేని నాలుగు కోడ్‌లు ఒకేసారి వస్తాయి. అప్పుడు నాలుగు సెన్సర్లు మార్చినా ఏం లాభం?

పాత అలవాట్లలో కొన్ని ఇప్పుడు నిజంగా హాని చేస్తాయి. ఇంజిన్ తిరుగుతుండగా టెర్మినల్ పీకితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి ఒక్కసారిగా ఎగసిన వోల్టేజీ కంప్యూటరునే కాల్చేయగలదు. సెన్సర్ వైరుకి టెస్ట్ ల్యాంపు పెడితే అది లాగే కరెంటుని ఆ సర్క్యూట్ తట్టుకోలేదు. లైటు పోవడానికి బ్యాటరీ విప్పి తగిలిస్తే, లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ వేడెంత, స్పీడెంత అని కంప్యూటరు దాచిపెట్టుకున్న సాక్ష్యం చాలా బండ్లలో చెరిగిపోతుంది. దయచేసి ఆ పని చేయించకండి.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. గంటసేపు మీటరు పట్టుకుని వెతికిన మనిషికి వందో రెండొందలో ఇవ్వడానికి మనం బేరమాడతాం. కొత్త సెన్సర్ డబ్బా చూపిస్తే వేలల్లో బిల్లు కట్టేస్తాం. వెతికినందుకు డబ్బు రాని చోట వెతకడం ఎవరు నేర్చుకుంటారు? పైగా వైరింగ్ డయాగ్రాలు బయటి షెడ్డులకి తేలిగ్గా దొరకవు. నరసన్నపేట మేస్త్రి తను విప్పిన ప్రతి బండి వైర్ల రంగులూ పాత నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. అదే ఆయన డయాగ్రం.

సర్వీసు సెంటరులో తీసేసిన పాత సెన్సర్‌ని బావ డాష్‌బోర్డు అరలో దాచి ఉంచాడు. మేస్త్రి టీ కొట్టు నుంచి మరిగే నీళ్లు ఒక స్టీలు గ్లాసులో తెప్పించి, సెన్సర్ మూతి అందులో ముంచి, మీటరు పెట్టాడు. అంకె దిగుతూ దిగుతూ రెండొందల చిల్లర దగ్గర ఆగింది. నీళ్లు చల్లారుతున్న కొద్దీ మెల్లగా పైకి ఎక్కింది. ఆ సెన్సర్‌కి మొదటి నుంచీ ఏమీ కాలేదు.