గేటు మీద బోర్డు, గదిలో చీటీ

పర్లాకిమిడిలో మా చిన్నాన్న కొమ్ము బొమ్మలు చేస్తారు. కొమ్ముని వేడిచేసి, వంచి, సానబట్టి కొంగలూ రొయ్యలూ తీస్తారు. వాటి కోసం పెట్టించిన వెబ్‌సైట్ ఆరు నెలలైనా గూగుల్‌లో తేలలేదు. "ఊరి పేరు పెట్టి కొట్టినా రాదేటిరా?" అని ఫోన్ చేశారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు దగ్గర కూచుని చూశాను.

సెర్చ్‌లో 'సైట్' అని ఇంగ్లిషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా వెబ్‌సైట్ చిరునామా రాశాను. ఈ పద్ధతిలో అన్ని పేజీలూ కనబడతాయన్న హామీ లేదుగాని ఆనవాలు దొరుకుతుంది. ఒకే ఒక్కటి వచ్చింది. అదీ ఉత్త చిరునామా, కింద వివరం ఏదీ లేదు. రోగం ఎక్కడుందో అప్పుడే అర్థమైంది.

చిరునామా చివర స్లాష్ పెట్టి 'రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ' అని కొడితే ఆ ఫైలు ఎవరికైనా తెరుచుకుంటుంది. సైటులో ఏవి చూడొచ్చో, ఏవి చూడకూడదో సెర్చ్ ఇంజిన్లకి చెప్పేది అదే. అందులో రెండే లైన్లు. మొదటి దాంట్లో 'యూజర్ ఏజెంట్' పక్కన నక్షత్రం, అంటే సైట్లన్నీ తిరిగి పేజీలు చదివే ప్రోగ్రాములకి, క్రాలర్లన్నిటికీ అని. రెండో దాంట్లో 'డిస్‌అలౌ' పక్కన ఒక స్లాష్. ఆ ఒక్క గీత సైటు మొత్తాన్ని మూసేసింది. గీత లేకపోతే అదే లైనుకి 'ఏదీ మూయలేదు' అని అర్థం! పని సగంలో ఉన్నప్పుడు పెట్టి, కట్టినవాళ్ళు తీయడం మరిచిపోయారు.

తీయించాం. అయినా రాలేదు. పేజీ సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్, తెరిచి వెతికితే మెటా ట్యాగ్ అనే కనబడని సూచనలో 'నోఇండెక్స్' ఉంది, ఈ పేజీని సెర్చ్ జాబితాలో చేర్చొద్దని.

ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. జనాభా లెక్కలకు వచ్చే మాస్టారిని తలుచుకోండి. గేటుకి 'లోపలికి రావద్దు' అని బోర్డుంటే ఆయన అడుగుపెట్టరు. కానీ అక్కడ ఇల్లుందని పక్కవాళ్ళు చెబితే ఇంటి నంబరు వరకు రాసుకుపోతారు. వేరే సైట్లలో లింకులుంటే గూగుల్ చేసేదీ అదే. 'మా పేరు రాయొద్దు' అన్న చీటీ గదిలో ఉంటుంది, లోపలికొస్తేనే చదవగలరు. అంచేత పేజీని నిజంగా దాచాలంటే నోఇండెక్స్ పెట్టి, గేటు తెరిచే ఉంచాలి. రెండూ పెడితే చీటీ ఎవరికీ కనబడదు.

రోబోట్స్ ఫైలనే ఈ బోర్డు తాళం కాదు, మర్యాద. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ ఏర్పాటు 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వెలువడింది. ఇప్పటికీ పాటించడం క్రాలర్ ఇష్టమే. రహస్యాలకి పాస్‌వర్డే దారి.

ట్యాగ్ తీసేశాక, సైటు యజమానుల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌కి చిరునామా ఇచ్చాను. అక్కడ మొదట కనబడేది గూగుల్ చివరిసారి చూసినప్పటి సంగతి. అది చూసి కంగారు పడకండి, 'టెస్ట్ లైవ్ యూఆర్ఎల్' నొక్కితే ఇప్పటి స్థితి చెబుతుంది. అడ్డు లేదని తేలాక ఇండెక్స్ చెయ్యమని అభ్యర్థన పంపాం.

పదో రోజుకి తెలుగు పేజీ వచ్చింది. చిన్నాన్న దాన్ని మాట్లాడినట్టే రాశారు. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు కదా! ఒడిశాలో ఉండి తెలుగులో రాసే పేజీలే కొన్ని, అవీ ఇలా ఒక గీత కింద పడి కనబడకపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ధరల పట్టిక పీడీఎఫ్ మాత్రం రాలేదు. పీడీఎఫ్‌లో మెటా ట్యాగ్‌కి చోటుండదు. దానికి అడ్డు, ఫైలుతోపాటు సర్వర్ పంపే సమాచారంలో, అంటే హెడర్‌లో ఉంటుంది, సోర్స్‌లో ఎంత వెతికినా దొరకదు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ తెరిచి చూస్తే 'ఎక్స్ రోబోట్స్ ట్యాగ్' అన్న లైనులో నోఇండెక్స్ కనబడింది. అదీ తీయమని కట్టినవాళ్ళకి ఆ రాత్రే చెప్పాం.