గెలాక్సీలకూ ఇరుగుపొరుగు ఉంటుంది

ఏప్రిల్‌లో రాత్రి తొమ్మిది గంటలకు హైదరాబాద్‌లో మేడ ఎక్కి చూస్తే ఉత్తర ఫల్గుణి నక్షత్రం తూర్పున బాగా పైకి వచ్చి ఉంటుంది. చేయి చాచి పిడికిలి బిగించి, ఆ నక్షత్రానికి తూర్పుగా ఒక పిడికిలి వెడల్పు జరగండి. కంటికి ఏమీ కనిపించదు. కానీ అక్కడ వెయ్యికి పైగా గెలాక్సీలు ఒకే గుంపుగా ఉన్నాయి. మనకు సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ కన్యారాశి గుంపు అర్ధరాత్రికి కాస్త ముందు దాదాపు మన నడినెత్తికి వస్తుంది.

గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుడతాయా లేదా అన్నది దాని బరువు ఒక్కటే తేల్చదు. అది ఎక్కడ, ఎవరి మధ్య ఉందన్నదీ తేలుస్తుంది. 1980లో ఖగోళ శాస్త్రవేత్త అలన్ డ్రెస్లర్ 55 గెలాక్సీ గుంపులను పరిశీలించి ఒక విషయం బయటపెట్టాడు: గుంపు ఎంత చిక్కగా ఉంటే, నక్షత్రాలు పుట్టే సర్పిలాకార గెలాక్సీలు అందులో అంత తక్కువ.

అసలు కీలకం వాయువు. చల్లని హైడ్రోజన్ మేఘాలు తమ బరువుకు తామే కుంగితేనే నక్షత్రం పుడుతుంది. మన పాలపుంతలో ఏటా సూర్యుడికి ఒకటి రెండు రెట్ల బరువున్న వాయువు ఇలా నక్షత్రాలుగా మారుతోంది. ఆ వాయువు పోతే కథ ముగిసినట్టే.

పెద్ద గుంపుల్లో గెలాక్సీల మధ్య చోటు ఖాళీ కాదు. కోట్ల డిగ్రీల వేడితో, ఎక్స్-కిరణాలు వెదజల్లుతూ చాలా పలచని వాయువు పరుచుకుని ఉంటుంది. గాలి లేని రోజున కూడా నెక్లెస్ రోడ్డు మీద బండి వేగం పెంచితే చున్నీ వెనక్కి ఎగురుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. వేగంగా లోపలికి దూసుకొచ్చే గెలాక్సీకి ఆ పలచని వాయువే ఎదురుగాలి అవుతుంది. దాని హైడ్రోజన్ వెనక్కి ఊడిపోతుంది. 1972లో గన్, గాట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ లెక్క వేశారు.

జేఓ201 అనే గెలాక్సీ తన గుంపులోకి సెకనుకు 3,000 కిలోమీటర్లకు పైగా వేగంతో పడిపోతోంది. మన దేశపు ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోప్ దాన్ని చూసినప్పుడు, ఊడిపోయిన వాయువు తోకలోనే ముద్దలు ముద్దలుగా లేత నక్షత్రాలు కనిపించాయి. గెలాక్సీ బయట, ఆ ఎదురుగాలి మధ్యన కూడా పుట్టుక ఆగలేదంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇంత హడావుడి లేకుండా, నిదానంగా జరిగే మార్పు ఇంకొకటి ఉంది. నాకు అదే ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది. బయటి నుంచి తాజా వాయువు రావడం ఆగిపోతుంది, ఉన్నదాన్నే గెలాక్సీ ఖర్చు చేసుకుంటుంది. పలచన చేసే కొత్త హైడ్రోజన్ లేక, చివర్లో పుట్టిన నక్షత్రాల్లో ఇనుము లాంటి బరువైన మూలకాల పాలు పెరుగుతుంది. ఆ జాడ పట్టుకునే 2015లో ఒక పరిశోధక బృందం, మన చుట్టుపక్కల నక్షత్రాల పుట్టుక ఆగి ఆరిపోయిన గెలాక్సీల్లో ఎక్కువ భాగం ఇలాగే, సుమారు 400 కోట్ల ఏళ్ల పాటు తిండి అందక ఆరిపోయాయని తేల్చింది.

కాంతి మనల్ని చేరడానికి సమయం పడుతుంది కాబట్టి, దూరం పెరిగేకొద్దీ మనం చూసేది పాత కాలాన్ని. 2007లో డేవిడ్ ఎల్బాజ్ బృందం దాదాపు 700–800 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీలను చూస్తే లెక్క తిరగబడింది: రద్దీ చోట్లే నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి! ఎంత బలంగా తిరగబడిందన్న దానిపై వాదనలు ఇంకా నడుస్తున్నాయి. అయితే 1,000 కోట్ల ఏళ్లకు పైగా వెనకటి స్పైడర్‌వెబ్ గుంపులో మాత్రం పుట్టుక ముమ్మరంగానే ఉంది. గుంపులు కట్టుకుంటున్న రోజుల్లో చల్లని వాయువు పుష్కలంగా అక్కడికే చేరుతుండేది. ఎదురుగాలిగా మారే వేడి వాయువు ఆ తర్వాత కూడుకుంది.

రంగాపూర్‌లో ఉస్మానియా వారి 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టిన రోజుల్లో ఇలాంటి పరిశీలన కావాలంటే కొండెక్కి రాత్రంతా మేలుకోవాల్సిందే. ఇప్పుడు ఆస్ట్రోశాట్ డేటాను, పరిశీలన కోరినవారికే కేటాయించిన గడువు తీరాక, ఇస్రో అందరికీ తెరిచి ఉంచుతోంది. తార్నాకలో గదిలో కూర్చున్న ఎమ్మెస్సీ విద్యార్థి ల్యాప్‌టాప్‌లోకి కూడా ఆ తోకలు దిగుతాయి.