లేకర్ ఎయిర్‌వేస్: చార్టర్ లెక్క తప్పిన చోట

లండన్‌కు దక్షిణాన ఉన్న గాట్విక్ విమానాశ్రయం కేంద్రంగా పదహారేళ్లు నడిచిన లేకర్ ఎయిర్‌వేస్ 1982 ఫిబ్రవరి 5న మూతపడింది. అప్పటికి దాని అప్పులు 25 కోట్ల పౌండ్లు దాటాయి. సామాన్యుడికి అట్లాంటిక్ దాటే అవకాశం ఇచ్చిన సంస్థగా దానికి ఎంత పేరంటే, దాన్ని బతికించడానికి బ్రిటన్‌లో జనం తమ జేబుల్లోంచి డబ్బు తీసి పంపారు. పెద్ద కంపెనీలన్నీ ఏకమై దాన్ని తొక్కేశాయన్న మాట ఆనాడే పుట్టింది, ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ అసలు కారణం సంస్థ ఖాతా పుస్తకాల్లోనే ఉంది. అది తెలియాలంటే చార్టర్ వ్యాపారం ఎలా నడుస్తుందో ముందు చూడాలి.

వ్యవస్థాపకుడు ఫ్రెడ్డీ లేకర్ 1922లో కాంటర్‌బరీలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సైన్యం వదిలించుకుంటున్న విమానాలు, విడిభాగాలు కొని అమ్మడంతో ఆయన వ్యాపారం మొదలైంది. 1948లో సోవియట్ సేనలు బెర్లిన్‌కు నేల దారులు మూసేసినప్పుడు, హాలిఫాక్స్ బాంబర్లను మార్చి తయారుచేసిన డజను రవాణా విమానాలు ఆయన చేతిలో ఉన్నాయి. నగరానికి సరుకులు చేరవేయడానికి ఎగరగలిగిన ప్రతి విమానమూ కావలసి వచ్చింది. తర్వాత కార్లను విమానాల్లో ఇంగ్లిష్ చానెల్ దాటించే సర్వీసు నడిపారు. 1960లో ఏర్పడిన బ్రిటిష్ యునైటెడ్ ఎయిర్‌వేస్‌కు మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. 1965లో అక్కడినుంచి బయటకు వచ్చి, మరుసటి ఏడాది సొంత పేరుతో సంస్థ పెట్టారు.

మొదట ఉన్నవి ప్రభుత్వ రంగ సంస్థ బీఓఏసీ వాడి అమ్మేసిన రెండు బ్రిస్టల్ బ్రిటానియా విమానాలు. ఆ వెంటనే మూడు కొత్త బీఏసీ వన్-ఇలెవెన్ జెట్‌లకు ఆర్డరు ఇచ్చారు. చిన్న సంస్థకు కొత్త జెట్‌లు కొనే ధైర్యం ఎక్కడిది? ఆయన రాసుకున్న ఒప్పందాల నుంచి వచ్చింది.

షెడ్యూలు ప్రకారం తిరిగే విమానంలో సీట్లు నిండినా నిండకపోయినా ఎగరాల్సిందే. ఖాళీ సీటు నష్టం విమాన సంస్థదే. చార్టర్‌లో విమానం మొత్తాన్ని టూర్ ఆపరేటర్ ముందే అద్దెకు తీసుకుంటాడు. సీట్లు అమ్ముకునే బాధ్యత, అమ్ముడుపోకపోతే నష్టం రెండూ అతనివే. లేకర్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. వింగ్స్, లార్డ్ బ్రదర్స్ వంటి సెలవు యాత్రల కంపెనీలకు ట్రిప్పుల లెక్కన కాకుండా ఏడాదికి ఇన్ని గంటలు అని విమానాన్ని అద్దెకిచ్చారు. ఎన్ని ఎక్కువ గంటలు వాడితే గంటకు అద్దె అంత తగ్గుతుంది. దాంతో వేసవిలోనే కాకుండా చలికాలంలోనూ యాత్రలు అమ్మడానికి ఆపరేటర్లు తామే తంటాలు పడ్డారు. విమానం నేల మీద పడి ఉండే రోజులు తగ్గాయి. బ్యాంకుకు చూపించడానికి ముందస్తు ఆదాయం కాగితం మీద సిద్ధంగా ఉంది.

ఖర్చుల విషయంలో ఆయన ఎంత పట్టుగా ఉండేవారో చెప్పడానికి ఇంజన్ల వాడకం ఒక్కటి చాలు. రన్‌వే పొడవుగా ఉండి, విమానం బరువు అనుమతించినప్పుడు ఇంజన్లను పూర్తి శక్తికి పోనివ్వకుండా కాస్త తక్కువ శక్తితోనే పైకి లేపమని పైలట్లకు చెప్పారు. ఇంజన్ లోపలి వేడి తగ్గుతుంది, భాగాలు ఎక్కువ కాలం మన్నుతాయి, విప్పి బాగుచేయించే ఖర్చు వాయిదా పడుతుంది. ఇప్పుడిది ప్రపంచమంతటా మామూలు పద్ధతి. 1960లలో దీన్ని క్రమశిక్షణగా పాటించిన సంస్థలు తక్కువ.

ఇలా కూడబెట్టిన బలంతో 1969లో బోయింగ్ 707లు వచ్చాయి. అంతకుముందు ఏడాది నవంబరులో మూతపడిన బ్రిటిష్ ఈగిల్ విమానాలవి. వాటితో అట్లాంటిక్ చార్టర్లకు దారి తెరుచుకుంది. కానీ అక్కడ ఒక విచిత్రమైన నిబంధన కాచుకుని ఉంది. అట్లాంటిక్ మీద చౌక చార్టర్ ఎక్కాలంటే ప్రయాణికుడు ఏదో ఒక సంఘంలో కనీసం ఆరు నెలల నుంచి సభ్యుడై ఉండాలి. ఆ సంఘం ప్రయాణాల కోసం పెట్టినది కాకూడదు. దీని ఉద్దేశం స్పష్టమే: షెడ్యూలు సంస్థల ఖరీదైన టిక్కెట్లకు పోటీ రాకుండా కంచె వేయడం. ఫలితంగా దొంగ సంఘాలు పుట్టుకొచ్చాయి, వెనకటి తేదీలు వేసిన సభ్యత్వ కార్డులు చేతులు మారాయి. విమానాశ్రయాల్లో అధికారులు ప్రయాణికులను నిలదీసి, కొందరిని దించేశారు. అమెరికాలో ఉన్న కొడుకును చూడబోతున్న తల్లిదండ్రులను ఏదో క్లబ్బు సభ్యులమని అబద్ధమాడే స్థితికి తెచ్చిన నియమం అది. దాని మీద లేకర్‌కు వచ్చిన కోపం న్యాయమైనదేనని నా అభిప్రాయం.

ఆ కోపంలోంచి పుట్టిందే స్కైట్రెయిన్. 1971 జూన్‌లో ఆయన లైసెన్సుకు దరఖాస్తు చేశారు. రిజర్వేషన్ లేదు. రైలుకు వెళ్లినట్టు వెళ్లి ఆ రోజే టిక్కెట్ కొనుక్కుని న్యూయార్క్ ఎక్కడమే. భోజనం కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. చలికాలంలో ఛార్జీ 32.50 పౌండ్లు, వేసవిలో 37.50 అని ప్రతిపాదించారు. మొదట తిరస్కరించారు. 1972లో కొత్తగా ఏర్పడిన పౌర విమానయాన అథారిటీ లైసెన్సు ఇచ్చింది. అదే ఏడాది లేకర్ పెద్ద డీసీ-10 విమానాలు తెచ్చుకున్నారు. ఒక జపాన్ విమాన సంస్థ కొంటుందని నమ్మి మిత్సుయి కంపెనీ తీసుకోగా మిగిలిపోయిన విమానాలవి. బేరం కలిసొచ్చింది. విమానాలు ఉన్నాయి, బ్రిటన్ లైసెన్సు ఉంది, అమెరికా అనుమతి మాత్రం లేదు.

ఆ అనుమతి కోసం ఐదేళ్లు పట్టింది. మధ్యలో సొంత ప్రభుత్వమే అడ్డం తిరిగింది. 1975లో లేబర్ ప్రభుత్వ వాణిజ్య మంత్రి పీటర్ షోర్, ఒక మార్గంలో ఒక బ్రిటిష్ సంస్థే ఉండాలన్న విధానం ప్రకటించి స్కైట్రెయిన్‌ను రద్దు చేయబూనారు. లేకర్ కోర్టుకెక్కారు. 1976 డిసెంబరులో లార్డ్ డెన్నింగ్ నాయకత్వంలోని అప్పీలు కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. పార్లమెంటు చేసిన చట్టం కింద వచ్చిన లైసెన్సును మార్గదర్శకాల పేరుతో మంత్రి వమ్ము చేయలేరన్నది దాని సారాంశం. పరిపాలనా చట్టం చదివే విద్యార్థులకు ఈ కేసు నేటికీ పాఠమే. షోర్ తర్వాత మంత్రి అయిన ఎడ్మండ్ డెల్ పోరు కొనసాగించలేదు. 1977 వేసవిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్ కూడా పచ్చజెండా ఊపారు.

1977 సెప్టెంబర్ 26న తొలి స్కైట్రెయిన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు ఎగిరింది. లండన్ నుంచి ఒకవైపు ఛార్జీ 59 పౌండ్లు, అంటే సాధారణ ఎకానమీ ఛార్జీలో దాదాపు మూడో వంతు. 345 సీట్ల విమానం. లండన్‌లో విక్టోరియా స్టేషన్ దగ్గర టిక్కెట్ల కోసం బారులు తీరిన జనం ఆ తరువాతి వేసవిలో పత్రికల మొదటి పేజీలకెక్కారు. విమానం ముఖమే చూడని కుటుంబాలు, చదువుకునే పిల్లలు, వలస వెళ్లినవారి బంధువులు, ఎవరైనా సరే తెల్లవారుజామున వచ్చి నిలబడితే అమెరికా వెళ్లగలిగారు. 1978లో లేకర్‌కు సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌కు, 1980లో మయామీకి సర్వీసులు పెరిగాయి.

ఈ సంబరంలో చాలామంది గమనించనిది ఒకటుంది. స్కైట్రెయిన్‌తో లేకర్ తన చార్టర్ సూత్రాన్ని తానే వదిలేశారు. ఇప్పుడు ఖాళీ సీటు నష్టం టూర్ ఆపరేటర్‌ది కాదు, ఆయనదే. ఆగస్టులో జనం కిటకిటలాడినా ఫిబ్రవరిలో ఎవరు వస్తారో ముందు తెలియదు. పైగా పోటీ సంస్థలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. స్కైట్రెయిన్ మొదలైన నాటికే స్టాండ్‌బై (చివరికి సీటు మిగిలితేనే ఎక్కే టిక్కెట్), బడ్జెట్ పేర్లతో తమ చౌక టిక్కెట్లు సిద్ధం చేసుకున్నాయి. కొంతకాలానికి లేకర్ కూడా ముందస్తు బుకింగులు తీసుకోక తప్పలేదు. అంటే రెండేళ్లు తిరగకముందే స్కైట్రెయిన్ మిగతా విమానాల్లాంటి విమానమే అయింది, కాకపోతే ధర తక్కువ.

సరిగ్గా అప్పుడే ఆయన పెద్ద ఎత్తున అప్పు చేశారు. ఐదు డీసీ-10-30లు కొన్నారు. యూరప్ నగరాల మధ్య ఏకంగా 666 మార్గాలకు దరఖాస్తు పెట్టి, వాటి కోసం పది ఎయిర్‌బస్ ఏ300లకు ఆర్డరిచ్చారు. మార్గాలకు అనుమతి రాలేదు, విమానాలు మాత్రం రావడం మొదలైంది. వచ్చిన మూడింటినీ మధ్యధరా తీరపు చార్టర్లకు తిప్పారు. అనుమతి చేతికి రాకముందే విమానం కొనడం స్కైట్రెయిన్ విషయంలో చివరికి ఫలించింది. యూరప్‌లో ఫలించలేదు. తొలినాళ్లలో ఒప్పందం రాసుకున్నాకే విమానం కొన్న మనిషి ఇలా చేయడం నాకు ఈ కథలోకెల్లా బాధ కలిగించే ఘట్టం.

ఆ అప్పులు డాలర్లలో ఉన్నాయి. ఆదాయంలో ఎక్కువ భాగం పౌండ్లలో వచ్చేది. 1980 చివర పౌండుకు 2.40 డాలర్ల చొప్పున వస్తున్నప్పుడు పది లక్షల డాలర్ల వాయిదా కట్టడానికి సుమారు 4.17 లక్షల పౌండ్లు సరిపోయేవి. 1981 చివరి వేసవికి పౌండు 1.80 డాలర్ల దగ్గరికి పడిపోయింది. అదే వాయిదాకు ఇప్పుడు 5.56 లక్షల పౌండ్లు కావాలి. ఒక్క సీటు తగ్గకుండా, ఒక్క విమానం పెరగకుండా అప్పు భారం మూడో వంతు ఎక్కువైంది. ఇంధనం కూడా డాలర్లలోనే కొనాలి, దాని ధర 1979 తర్వాత ఆకాశాన్నంటింది. పౌండు బలహీనపడటంతో బ్రిటన్ వాళ్లకు అమెరికా ప్రయాణమే భారమైంది.

దీనికి తోడు 1979 మేలో షికాగోలో మరో సంస్థకు చెందిన డీసీ-10 కూలి 273 మంది చనిపోయారు. జూన్ మొదట్లో అమెరికా అధికారులు ఆ రకం విమానాలన్నిటినీ నిలిపేశారు, జూలై మధ్య వరకు అవి అమెరికా ఆకాశంలో ఎగరలేదు. లేకర్‌కు ఏడాది మొత్తానికి ఆదాయం తెచ్చే రోజులవి.

1981 శరదృతువులో అమెరికా విమాన సంస్థ ప్యాన్ ఆమ్ తన ఛార్జీలను స్కైట్రెయిన్ స్థాయికి దించింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్, మరో అమెరికా సంస్థ టీడబ్ల్యూఏ అదే బాట పట్టాయి. ఆ ధరకు భోజనం పెట్టే, పెద్ద పేరున్న సంస్థ దొరికితే ప్రయాణికుడు లేకర్ దగ్గరికి ఎందుకు వెళ్తాడు? అవి కూడా భారీ నష్టాల్లో ఉన్న సంస్థలే, అయినా నష్టాన్ని ఓర్చుకునే శక్తి వాటికి ఎక్కువ. 1982 జనవరిలో విమానాల తయారీదారు మెక్‌డొనెల్ డగ్లస్, ఇంజన్లు అమ్మిన జనరల్ ఎలక్ట్రిక్ కలిసి లేకర్‌ను ఆదుకునే పథకం సిద్ధం చేశాయి. దీనిపై ఇతర విమాన సంస్థలు తయారీదారుకు నిరసనలు పంపాయి. బ్యాంకు ఇక ఆగలేదు.

లేకర్ లిక్విడేటర్ (మూతపడిన సంస్థ ఆస్తులు, అప్పులు తేల్చే అధికారి) అమెరికా కోర్టులో వేసిన దావాకు మూలం ఈ నిరసనలు, ఛార్జీల తగ్గింపులే. పోటీదారులు కుమ్మక్కయి సంస్థను కూల్చారని, పోటీని అణచే కుమ్మక్కులను నిషేధించే అమెరికా యాంటీట్రస్టు చట్టం ప్రకారం మూడింతల పరిహారంగా వంద కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలని కోరారు. బ్రిటిష్ ప్రభుత్వం 1983లో తన సంస్థలు ఆ కేసుకు సహకరించకుండా ఉత్తర్వు ఇచ్చింది. 1984లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం అమెరికాలో దావా నడవనివ్వాలని తేల్చింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ను ప్రైవేటు చేతికి ఇవ్వాలనుకుంటున్న థాచర్ ప్రభుత్వానికి ఈ కేసు కంట్లో నలుసుగా మారింది. 1985లో రాజీ కుదిరింది. అప్పులవాళ్లకు 4.8 కోట్ల డాలర్లు, వ్యక్తిగతంగా లేకర్‌కు 80 లక్షల డాలర్లు దక్కాయి. కుట్ర జరిగిందా లేదా అన్నది కోర్టు తేల్చకుండానే ఫైలు మూతపడింది. నన్నడిగితే, పోటీదారుల ఒత్తిడి చివరి దెబ్బ మాత్రమే. 1980 నాటి మారకపు ధర మీద నిలబెట్టిన అప్పు, ఆ దెబ్బ తగలకపోయినా ఎక్కువ కాలం నిలిచేది కాదు.

ప్రయాణికుల సంగతి వేరు. 1974 ఆగస్టులో కోర్ట్ లైన్ అనే చార్టర్ సంస్థ కూలి వేలాది మంది విహారయాత్రికులు విదేశాల్లో చిక్కుకుపోయాక, బ్రిటన్ 1975లో చట్టం చేసి ఒక రక్షణ నిధి ఏర్పాటు చేసింది. దాని వల్ల లేకర్ ప్యాకేజీ యాత్రలు కొన్నవారికి డబ్బు తిరిగి వచ్చే దారి ఉంది. కేవలం స్కైట్రెయిన్ సీటు కొన్నవారికి ఆ గొడుగు లేదు. సంస్థ ఒకటే, తేడా అంతా కొన్న టిక్కెట్ రకంలోనే.

ఆ తేడా లేకర్‌తో పోలేదు. 1984లో అదే గాట్విక్ నుంచి వర్జిన్ అట్లాంటిక్ మొదలైంది, చౌక విమానాలు యూరప్ అంతటా పెరిగాయి, విడిగా సీటు కొనేవాళ్లే ఎక్కువయ్యారు. 2017 అక్టోబర్ 2న, ఒకప్పటి చార్టర్ సంస్థ మోనార్క్ కూలినప్పుడు, విదేశాల్లో ఉన్న దాని ప్రయాణికుల్లో ఎక్కువ మందికి ఆ రక్షణ లేదు. అయినా ప్రభుత్వం వేరే విమానాలు తెప్పించి 80 వేలకు పైగా జనాన్ని ఇంటికి చేర్చింది. దివాలా తీసిన సంస్థ విమానాలనే కొన్నాళ్లు నడిపించి ప్రయాణికులను వెనక్కి తెచ్చేలా, ప్రతి టిక్కెట్ మీద స్వల్ప రుసుముతో నిధి పెట్టేలా చట్టం తేవాలని 2019 మేలో సమీక్షా సంఘం సిఫార్సు చేసింది. ఐదు నెలలు తిరగకుండానే, ఆ సెప్టెంబర్ 23న, విహారయాత్రల సంస్థ థామస్ కుక్ కూలింది. ఈసారి దాదాపు లక్షన్నర మందిని తీసుకురావడానికి ప్రభుత్వం మళ్లీ ఇతర సంస్థల విమానాలనే అద్దెకు వెతుక్కోవలసి వచ్చింది.