ఉప్పు గాలిలో దేశవాళీ తోట: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో హైవే పక్కన చిన్న నర్సరీ నాది. కళింగపట్నం, బారువ వైపు సొంతూళ్ళలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు వస్తారు, అటు భోగాపురం, పూసపాటిరేగ వైపు కొత్త లేఅవుట్లలో స్థలం కొన్నవాళ్ళూ వస్తారు. ఈ మధ్య అందరి నోటా ఒకటే మాట, "దేశవాళీ మొక్కలు కావాలండీ". సంతోషమే. కానీ ఆ అడగడంలోనే బోలెడు అపోహలు కలిసి ఉంటాయి. కౌంటర్ దగ్గర నిలబడి చెప్పేంత టైం ఎప్పుడూ ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సముద్రం దగ్గర కొబ్బరి, సరుగుడు తప్ప ఏదీ బతకదు

మనం అవి తప్ప వేరేవి నాటడం మానేశాం, అంతే. పొన్న, గంగరావి, కానుగ, మొగలి, వావిలి ఉప్పు గాలికి అలవాటు పడ్డ జాతులు. పొన్న ఆకు ఒకటి తెంపి చేత్తో పట్టుకుని చూడండి. దళసరిగా, నున్నగా ఉంటుంది, నడి ఈనె నుంచి అంచు వరకు సన్నటి గీతలు దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా ఉంటాయి. అంత నున్నటి ఆకు మీద ఉప్పు తుంపర పడినా ఒక వాన కురిస్తే కడుక్కుపోతుంది. అదే పల్చటి మెత్తటి ఆకుల మొక్కని తెచ్చి సముద్రం గాలి ఎరగని లోపలి నేలలోంచి నేరుగా ఆ గాలికి నిలబెడితే వారంలో ఆకు అంచులు మాడిపోతాయి. తర్వాత నాకు ఫోన్ చేసి "తెగులు వచ్చింది, ఏ మందు కొట్టాలి" అంటారు. అది తెగులు కాదు, ఉప్పు.

ఇంకో సంగతి, వరస ముఖ్యం. అలలకు ఎదురుగా ఉండే ఇసుకలో చెట్టు పెట్టకండి. అక్కడ ఇసుక మీద పాకే తీగ ఒకటి ఉంటుంది చూడండి, మేక గిట్ట ఆకారంలో ఆకులు, ఊదా రంగు పూలు, దాన్ని పీకి శుభ్రం చేశామని సంబరపడతారు చాలామంది. ఇసుకని కదలకుండా పట్టుకునేది ఆ తీగే. దాని వెనక మొగలి, వావిలి పొదలు, వాటి చాటున పొన్న, గంగరావి, ఇంకా లోపలికి కానుగ, పొగడ. పూల మొక్కలూ కూరగాయల మడీ ఈ చాటు తయారయ్యాకే. రెండేళ్ళు ఓపిక పట్టలేక ముందు పూల మొక్కలతో మొదలుపెట్టినవాళ్ళు మూడో ఏడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు.

అపోహ: ఎక్కడపడితే అక్కడ దానంతట అది మొలిస్తే అది మన మొక్కే

వయ్యారిభామ మొలవని ఖాళీ స్థలం ఉందా? అది 1950ల్లో మన దేశంలో కనపడిన అమెరికా ఖండపు కలుపు. సీమతుమ్మ, లంటానా కూడా అటునుంచి వచ్చినవే. అలాగే పెరట్లో అమ్మమ్మల కాలం నుంచి ఉన్నవన్నీ మనవే అనుకుంటాం, బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది, బంతి మెక్సికో వైపుది, కాగితం పూలు దక్షిణ అమెరికావి. పలాస పేరు చెబితే గుర్తొచ్చే జీడి చెట్టుని బ్రెజిల్ నుంచి పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు. సరుగుడు సొంత గడ్డ ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా వైపు.

అంతమాత్రాన బంతి మొక్కలు పీకేయమని అనను. నా నర్సరీలో బంతి నారు అమ్ముడుపోకపోతే సంక్రాంతి నాకు కష్టమే. చింత చెట్టు కూడా మొదట ఆఫ్రికా నుంచి వచ్చిందే, అయినా తేలినీలాపురం, తేలుకుంచి వెళ్ళి చూడండి, దూరాల నుంచి వచ్చే కొంగలు ఊరి మధ్య చింత చెట్ల మీద గూళ్ళు పెట్టుకుంటాయి. ఆ చెట్టుని పరాయిదని ఎవరు కొట్టేస్తారు? నేను చూసేది రెండే విషయాలు: పక్క మొక్కల్ని బతకనిస్తుందా, పిట్టకో పురుగుకో పనికొస్తుందా.

సరుగుడు ఈ లెక్కలో సగమే పాసవుతుంది. రైతుకి డబ్బులిస్తుంది, గాలిని ఆపుతుంది, కానీ దాని కింద రాలిన ఆకు దట్టంగా పరుచుకుని ఇంకేదీ లేవనివ్వదు. ఒడ్డుకి మరీ దగ్గరగా వేస్తే గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకి ఇసుక మిగలదు. తోటగా వెయ్యండి, పెరట్లో వద్దు.

కోనోకార్పస్ (పచ్చదనం కోసం రోడ్ల పక్కన, లేఅవుట్లలో నాటే విదేశీ చెట్టు) సంగతి ఒక్క ముక్కలో: వద్దు. గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. పుప్పొడి వల్ల ఎలర్జీలు, పైపుల్లోకి దూరే వేర్లు, ఈ రెండూ దాని మీద ఫిర్యాదులు. మా దగ్గర దొరకదు, అడగొద్దు.

అపోహ: దేశవాళీ మొక్క కాబట్టి నాటి వదిలేస్తే చాలు

నా దగ్గర కొన్న మొక్కలు ఎక్కువగా చచ్చిపోయేది ఈ నమ్మకం వల్లే. మన జిల్లాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది, నిజమే, కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపే పడిపోతుంది. ఇసుక నేల దాన్ని దాచుకోదు. మార్చి వచ్చేసరికి మొక్కకి దిక్కు తన వేరు మాత్రమే, ఆ వేరు ఇంకా జానెడే ఉంటే ఏ దేశపు మొక్కైనా ఎండిపోతుంది. రెండు వేసవులు నీళ్ళు పోయాలి. ఆ తర్వాత మానేయొచ్చు.

పోసే పద్ధతి కూడా చెప్పాలి. రోజూ చెంబెడు చల్లితే పైన రెండు అంగుళాలు తడిసి, వేరు కూడా పైకే వస్తుంది. తీరం దగ్గర బోరు నీళ్ళలో ఉప్పు ఉంటే ఇంకా చేటు, నీరు ఆరిపోయి ఉప్పు మాత్రం పైనే ఉండిపోతుంది. పాదు చుట్టూ తెల్లటి పొర కనబడితే అదే. నాలుగైదు రోజులకోసారి పాదు నిండా రెండు బిందెలు పోయండి, ఉప్పు కిందకి దిగిపోతుంది.

ఇక నాటేటప్పుడు: బయట నుంచి వచ్చే మొక్కలు చాలావరకు బంకమట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్దని అలాగే ఇసుకలో దించితే, చుట్టూ ఇసుక తడిసినా ముద్ద లోపల పొడిగానే ఉండిపోతుంది. మీరు నీళ్ళు పోస్తూనే ఉంటారు, మొక్క ఎండుతూనే ఉంటుంది. నాటే ముందు ముద్దని బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచండి, అంచుల్లో మట్టిని వేళ్ళతో కొంచెం వదులు చేయండి. గుంతలో మాగిన గెత్తం (పశువుల ఎరువు) ఇసుకతో కలపండి. పచ్చి గెత్తం వద్దు, వేడికి వేరు ఉడికిపోతుంది, చెదలు కూడా పడతాయి. పైన కొబ్బరి డొక్కలు బోర్లించి పరిచేయండి. ఉద్దానంలో డొక్కలకి కరువేముంది.

అపోహ: తుఫానుకి ఎలాగూ పడిపోతుంది, ఇంటి దగ్గర చెట్టే వద్దు

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్ళకి ఈ భయం ఉండటంలో తప్పు లేదు. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో మనందరికీ తెలుసు. ఆ గాలికి అన్నీ నిలబడతాయని నేను చెప్పను. కానీ పడిన చెట్టుని కొట్టి పారేసే ముందు దాని వేళ్ళు ఒక్కసారి చూడండి. లావెక్కిన వేర్లు కూడా గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, సరిగ్గా నర్సరీ కవరు ఆకారంలో ఉంటాయి. నాటినప్పుడు కవరులో ఏళ్ళ తరబడి తిరిగిన వేరుని కత్తిరించలేదు, అది పక్కలకి పోలేదు, చెట్టు పైకి మాత్రం పెరిగింది. ఇలాంటిది గట్టి ఈదురుగాలికే పడిపోతుంది, తుఫాను దాకా అక్కర్లేదు.

అందుకే పెద్ద మొక్క కావాలని పేచీ పెట్టకండి. ఆరడుగుల మొక్క కంటే రెండడుగుల మొక్క వేరు బాగా తన్నుకుంటుంది, మూడేళ్ళలో దాన్ని దాటిపోతుంది. కవరు విప్పగానే చుట్టుకున్న వేళ్ళని బ్లేడుతో కోసేయండి, ఏం కాదు. కర్ర కట్టినా బిగించకండి, మొక్క కొంచెం ఊగితేనే కాండం గట్టిపడుతుంది. తురాయి, నిద్రగన్నేరు లాంటి కొమ్మ విరిగే చెట్లని మాత్రం ఇంటి గోడకి దూరంగా ఉంచండి.

తుఫాను వెళ్ళిన వారానికి తీరం వెంట చెట్లు నిప్పు పెట్టినట్టు మాడిపోయి కనిపిస్తాయి. చచ్చిపోయాయని కొట్టేస్తారు. తొందరపడకండి. గోటితో కొమ్మ మీద బెరడు గీకితే లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. మంచినీళ్ళతో ఆకులు కడిగి, రెండు నెలలు చూడండి.

అపోహ: పురుగు పట్టిందంటే మందు కొట్టాల్సిందే

మొన్న ఒకావిడ వచ్చి, "అన్నయ్యా, మా కరివేప మీద పిట్టరెట్టలు కదుల్తన్నాయి, ఏటిది?" అన్నారు. నవ్వొచ్చింది గానీ ఆవిడ చూసింది నిజమే. సీతాకోకచిలుక పిల్ల పురుగు మొదట్లో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, గోధుమ తెలుపు మచ్చలతో. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. అది తినే ఆకులు తింటుంది, తర్వాత కరివేప మళ్ళీ చిగురిస్తుంది. మీరు మందు కొట్టిన కరివేపాకు మీ పులుసులోకే వెళ్తుంది, అది కూడా ఆలోచించండి. జిల్లేడు ఆకు మీద నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు కనపడినా అంతే, వదిలేయండి.

ఇదే మాట మీద ఇంకొకటి: దేశవాళీ అంటే ప్రమాదం లేనిదని కాదు. గన్నేరు మొక్కంతా విషమే, గురివింద గింజ విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే ఆసుపత్రికే. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇవి వాకిట్లో వద్దు.

అపోహ: దేశవాళీ మొక్కలు దొరకవు, దొరికినా ఖరీదు

నర్సరీవాడిగా నేను చెప్పకూడని మాట, చాలావాటికి నర్సరీ అవసరమే లేదు. గంగరావి, వావిలి వానాకాలం మొదట్లో వేలెడు లావు కొమ్మ గుచ్చితే వేరు తొడుగుతాయి. మొగలికి పక్క పిలకలు తీసి నాటితే చాలు. రేల గింజ గట్టిది, మరిగించి దించిన నీళ్ళలో వేసి రాత్రంతా ఉంచితే ఉబ్బుతుంది, ఉబ్బనివి పారేయండి. పొన్నకాయ అలాగే పాతితే నెలలు పడుతుంది, లోపల పప్పు దెబ్బ తినకుండా పెంకు పగలగొట్టి ఇసుకలో పాతండి, చాలా త్వరగా మొలుస్తుంది. పెంకు తీయడానికి చిన్న సుత్తి, నిదానం ఉంటే చాలు. మొలిచాక కవరులో ఒక్క ఏడాది మించి ఉంచకండి, జూన్ వానలకి నేలలోకి దించేయండి.