సమాధుల దొడ్డిలో దహనం: అలప్పుళ నిర్ణయం వెనక కథ

2020 జులై 28న కేరళలోని అలప్పుళ జిల్లా మారారిక్కుళంలో, సెయింట్ అగస్టీన్ చర్చి సమాధుల దొడ్డిలో కరోనా మృతదేహాన్ని దహనం చేశారు. కుండలోకి ఎత్తిన చితాభస్మాన్ని ఆ దొడ్డిలోనే పూడ్చారు. అదే రోజు దగ్గర్లోని కాట్టూరు సెయింట్ మైకేల్ చర్చిలోనూ ఇంకొకరికి ఇలాగే చేశారు. చర్చి స్థలంలో దహనం ఏమిటని చాలామంది కతోలికులు విస్తుపోయారు. మన దగ్గరా అంతే కదా. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో చావు కబురు వెంట వచ్చే మాట ‘భూస్థాపన’. ఆ మాటలోనే భూమి ఉంది.

నిజానికి అప్పటికే విచారణలు (ఒక్కో గుడి కింద ఉండే కతోలిక సమాజాలు) చాలా మార్పులకు అలవాటు పడ్డాయి. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 5న మ్రానికొమ్మల ఆదివారం (మట్టల ఆదివారం), 12న ఈస్టర్ జనం లేకుండానే గడిచాయి. గుడిలో జరిగే పూజ (మాస్) ఫోన్లోకి వచ్చింది. జూన్‌లో గుళ్లు తెరిచాక బెంచీల మీద గుర్తులు, గుమ్మం దగ్గర శానిటైజర్ వచ్చాయి. సత్ప్రసాదాన్ని (పూజలో ఇచ్చే అప్పాన్ని) నాలుక మీద కాకుండా చేతిలో పెట్టడం మొదలైంది. తెర మీద పూజ కూడా కొత్తేమీ కాదు. పారిస్ నోత్రదామ్ నుంచి 1948లోనే క్రిస్మస్ పూజను టీవీలో చూపించారు. మంచం పట్టి గుడికి వెళ్లలేకపోయిన పునీత క్లారమ్మకు (అస్సీసీకి చెందిన సెయింట్ క్లేర్‌కు) క్రిస్మస్ పూజ గోడ మీద కనిపించిందని ఒక సంప్రదాయ కథ. అందుకే 1950ల్లో పన్నెండవ భక్తినాథ (పయస్) పోపు ఆమెను టెలివిజన్‌కు పాలక పునీతురాలిగా ప్రకటించారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది, ముచ్చట కూడా వేసింది.

చావు దగ్గరే అసలు చిక్కు వచ్చింది. కేరళ క్రైస్తవుల్లో పెట్టె మూసే ముందు ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే వంగి శవానికి ముద్దు పెడతారు. దాన్ని ‘అంత్యచుంబనం’ అంటారు. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన సూచనల్లో శవాన్ని ముద్దాడటం, కౌగిలించుకోవడం, స్నానం చేయించడం కుదరదని ఉంది. శవం ఉంచిన సంచి జిప్పు కాస్త తీసి ముఖం చూపించవచ్చు, ముట్టుకోకుండా ప్రార్థన చదవవచ్చు, తీర్థజలం చల్లవచ్చు. పూడ్చిపెట్టడానికి అభ్యంతరం లేదు. బూడిదతో ప్రమాదం లేదని కూడా అందులోనే రాశారు. పూడ్చేటప్పుడు లోతుగా తవ్వాలన్నది కేరళలో పెట్టిన నిబంధన.

ఆ లోతు దగ్గరే అలప్పుళ ఆగిపోయింది. అది సముద్రానికీ బ్యాక్‌వాటర్స్‌కూ మధ్య ఇరుక్కున్న ఇసుక నేల. పార వేసి కొన్ని అడుగులు దిగగానే నీళ్లు ఊరతాయి. దీనికి తోడు జనంలో భయం. ఏప్రిల్‌లో చెన్నైలో కరోనాతో పోయిన ఒక డాక్టర్‌ను పూడ్చబోతే గుంపు రాళ్లతో వెంటపడింది. మారారిక్కుళం ఘటనకు రెండు రోజుల ముందు కొట్టాయంలో ఒక క్రైస్తవుణ్ణి మునిసిపల్ శ్మశానంలో దహనం చేయడానికి వీల్లేదని చుట్టుపక్కలవాళ్లు అడ్డం తిరిగారు. ఆ పని చివరికి రాత్రిపూట పోలీసు కాపలాలో జరిగింది. అలాంటి సమయంలో అలప్పుళ లాటిన్ మేత్రాసన (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) బిషప్ జేమ్స్ రాఫెల్ ఆనాపరంబిల్ విచారణల సొంత సమాధుల దొడ్లలోనే దహనానికి అనుమతి ఇచ్చారు. అంటే మనిషి ఊరి బయటి శ్మశానానికి పోకుండా తన గుడి దగ్గరే, తనవాళ్ల పక్కనే ఉంటారు. ఆ నిర్ణయంలో నాకు గొప్పగా అనిపించింది ఇదే.

ఇది చర్చి నియమాన్ని మీరడం కాదు. ఒకప్పుడు మాత్రం అలాగే ఉండేది. ఎనిమిదో శతాబ్దంలో యూరప్‌లో ఫ్రాంకుల రాజు షార్లమేన్, శవాన్ని కాల్చిన శాక్సన్ తెగవారికి మరణశిక్ష అని చట్టం పెట్టాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీలో చర్చికి పడనివాళ్లు, ముఖ్యంగా ఫ్రీమేసన్లు (ఒక రహస్య సోదర సంఘం వాళ్లు), దహనాన్ని తమ జెండాగా చేసుకున్నారు. మృతుల పునరుత్థానాన్ని మేం నమ్మం అని చాటడానికి అదొక దారి. దానికి జవాబుగా 1886లో రోమ్ (వాటికన్) దహనాన్ని నిషేధించింది. 1917 నాటి చర్చి చట్టం, దహనం కోరుకున్నవారికి క్రైస్తవ భూస్థాపన కూడా లేదంది. అంటే అప్పటి గొడవ నిప్పుతో కాదు, దాని వెనకున్న ఉద్దేశంతో.

ఆ వేడి చల్లారాక 1963లో నిషేధం సడలింది. విశ్వాసాన్ని కాదనడానికి కాకపోతే దహనం తప్పు కాదన్నారు. 1983 నాటి చర్చి చట్టమూ అదే చెప్పింది, పూడ్చడమే మేలని కలిపింది. 2016లో వచ్చిన నియమావళి ప్రకారం చితాభస్మాన్ని ఇంట్లో దాచకూడదు, గాలిలోనో నీళ్లలోనో కలపకూడదు, పవిత్ర స్థలంలో ఉంచాలి. అలప్పుళలో కుండను సమాధుల దొడ్డిలోనే పూడ్చింది అందుకే.

ఆ తర్వాత కూడా నియమం కదులుతూనే ఉంది. ఇటలీలో దహనాలు పెరగడంతో బొలోన్యా ఆర్చ్‌బిషప్ కార్డినల్ జుప్పి రోమ్‌ను ప్రశ్నలడిగారు. 2023 డిసెంబర్‌లో జవాబొచ్చింది. మృతుల చితాభస్మాలను ఒకేచోట కలిపి భద్రపరచవచ్చు, కానీ ఒక్కొక్కరి పేరూ విడిగా రాసి ఉంచాలి.